సాక్షి చేతిలో ఓడిన ఆ అమ్మాయి: ఓర్ఖోన్ కెరీర్ రివ్యూ

నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ వీడియోకు కుస్తీ బూట్లు అమ్మే ఒక సంస్థ డబ్బిచ్చింది. ఒక జత బూట్లూ పంపింది. వాటి సంగతి చివర్లో. పతకాల పట్టిక మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు, నేను మళ్లీ చదవను.

మంగోలియా మల్లయోధురాలు పురెవ్‌దోర్జ్ ఓర్ఖోన్. ముందున్నది ఇంటిపేరు కాదు, నాన్న పేరు. ఓర్ఖోన్ అంటే అక్కడ ఒక నది కూడా.

మనకు ఆమె తెలిసింది ఒక్క రాత్రే. 2016 రియో, 58 కిలోలు. ఇక్కడ రాఖీ పౌర్ణమి తెల్లవారుజాము. సాక్షి మాలిక్ 12-3తో ఓర్ఖోన్‌ను ఓడించింది. తర్వాత కిర్గిజ్‌స్థాన్‌కు చెందిన ఐసులూ మీద 0-5 నుంచి తేరుకుని 8-5తో కాంస్యం పట్టేసింది. నా అరుపుకు ఇంట్లో దొంగలు పడ్డారనుకుని అమ్మ లేచి వచ్చింది.

ఇక్కడ రెపిచాజ్ గురించి మాట్లాడకుండా ఉండలేను. కుస్తీలో నాకు ప్రాణమైన నియమం అది. మిమ్మల్ని ఓడించినవాళ్లు ఫైనల్‌కు చేరితే మీకు మళ్లీ అవకాశం దొరుకుతుంది. సాక్షినీ ఓర్ఖోన్‌నూ ఓడించింది ఒక్కరే, రష్యా అమ్మాయి కోబ్లోవా. ఆమె ఫైనల్‌కు వెళ్లబట్టే వీళ్లిద్దరూ ఎదురుపడ్డారు. మనల్ని చిత్తు చేసిన మనిషే గెలవాలని దేవుడికి మొక్కుకోవాలి, చూడండి ఎంత విచిత్రమో!

నా చిరాకు ఏమిటంటే, ఆ 12-3 దగ్గరే మనవాళ్లు ఓర్ఖోన్‌ను వదిలేశారు. మర్నాడు సాయంత్రం సింధు రజతం వచ్చింది, ఇక ఎవరికి గుర్తుంటుంది? కానీ మరుసటి ఏడాదే పారిస్‌లో, 63 కిలోల్లో ఆమె ప్రపంచ విజేత. అదీ తమ జాతీయ పండుగ నాదమ్ కుస్తీలో ఆడవాళ్లకు చోటే లేని దేశం నుంచి. అక్కడ మల్లుల చొక్కా రొమ్ము దగ్గర తెరిచి ఉంటుంది. ఒకప్పుడు మగవేషంలో వచ్చిన స్త్రీ అందరినీ మట్టికరిపించిందట, అందుకే అలా కుట్టిస్తారని కథ.

ఇదివరకు మంగోలియాకే చెందిన మల్లయోధురాలు బాత్‌సెత్సెగ్ మీద వీడియో చేశాను, గుర్తుందా? 2010లో, 2015లో ప్రపంచ విజేత, మధ్యలో లండన్ ఒలింపిక్ కాంస్యం. ఆ కెరీర్ నిలకడైన బండి. ఓర్ఖోన్‌ది అలా కాదు, ఒక్కసారిగా ఎగిరింది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

నచ్చింది కాబట్టే 2018 మింగుడుపడదు. జకార్తా ఆసియా క్రీడల్లో 62 కిలోల స్వర్ణం గెలిచింది. డోపింగ్ పరీక్షలో స్టానొజొలాల్ అనే నిషిద్ధ స్టెరాయిడ్ బయటపడింది. 1988 సోల్ ఒలింపిక్స్‌లో కెనడా పరుగు వీరుడు బెన్ జాన్సన్‌ను ముంచిన మందే. స్వర్ణం లాక్కుని ఐసులూకు ఇచ్చారు. అవును, రియోలో సాక్షి చేతిలో ఓడిన ఆ ఐసులూకే.

పారిస్ పోటీ వీడియో దొరికితే తప్పకుండా చూడండి. మొత్తం కెరీర్‌కు మార్కులు వేయమంటే మాత్రం వేయను, కోపం ఇంకా తగ్గలేదు.

బూట్లా? వేళ్ల దగ్గర బిగుతు. తమ్ముడికి ఇచ్చేశాను.