మన ఉక్కు వచ్చే కొండలు: ఛత్తీస్‌గఢ్ గనులు, అడవులు, జంతువులు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంత ఉక్కపోతలోనూ విశాఖలో ఒక ప్రసంగం వినడానికి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

ముందు వరుసకు ఒక రాయి ఇస్తున్నాను. చూసి వెనక్కి పంపండి. గుప్పెడే గదా అని ఒంటి చేత్తో అందుకోకండి, బరువు. దానితో పాటు ఒక గరుకు పెంకు ముక్క కూడా ఉంది. రాయితో దాని మీద గీయండి. రాయేమో ఉక్కు రంగులో నల్లగా ఉంటుంది, గీత మాత్రం ఎర్రగా పడుతుంది. హెమటైట్‌ను గుర్తుపట్టడానికి క్లాసులో మొదటిరోజు నేర్పే పని ఇదే. భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి, రాయి లేకుండా మాట్లాడటం చేతకాదు.

ఈ రాయి ఛత్తీస్‌గఢ్‌లో దంతెవాడ జిల్లా బైలాడిలా కొండలది. మన ఊరికి కొత్తదేం కాదు. కిరండూల్ నుంచి కొత్తవలస దాకా సుమారు 445 కిలోమీటర్ల రైలు మార్గం మీద ఈ ఖనిజమే గూడ్సు బళ్ళలో దిగి వస్తోంది. అరకు వెళ్ళినప్పుడు సొరంగాలు లెక్కపెడుతూ పిల్లలు కేకలు పెడతారే, ఆ లైను వేసింది టూరిస్టుల కోసం కాదు. జపాన్ ఉక్కు కంపెనీలకు ఖనిజం అమ్మేందుకు 1960లో కుదిరిన ఒప్పందం కోసం. 1960ల చివరికల్లా ఖనిజం విశాఖ రేవుకు చేరసాగింది. ఆ తర్వాత మన స్టీల్‌ప్లాంటు వచ్చింది, దానికీ ఆ కొండలే ఆధారం. కిరండూల్ నుంచి 267 కిలోమీటర్ల పైపులైను కూడా ఉంది. అందులో ఖనిజాన్ని పొడి చేసి, నీళ్ళు కలిపి, బురదగా పంపుతారు. ఆ గనులు తవ్వే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ హెడ్డాఫీసు హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉంది. అంటే ఆ కొండ గురించి నిర్ణయాలు జరిగేది ఒక తెలుగు ఊళ్ళో, సరుకు దిగేది మరో తెలుగు ఊళ్ళో. మధ్యలో ఉన్నవాళ్ళ గురించి మనకు తెలిసింది చాలా తక్కువ.

అలాగని సంబంధం రైలుతో మొదలవలేదు. దంతెవాడ జిల్లా బార్సూరులో పదకొండో శతాబ్దపు నాగవంశీయుల తెలుగు శాసనాలున్నాయి. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి దాటి వెళ్ళి, ఇప్పటి ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగమైన బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని ఆ రాజవంశం చెప్పుకుంది. వాళ్ళ కులదేవత దంతేశ్వరి గుడి శంఖిని, డంకిని నదులు కలిసే చోట ఉంది. ఇక ఇంద్రావతి సంగతి. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, చిత్రకోట్ దగ్గర ముప్పై మీటర్ల ఎత్తు నుంచి దూకి, భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ధవళేశ్వరం కింద పండే వరిలో బస్తర్ వాన కూడా ఉంది.

రాళ్ళ దగ్గరకు వద్దాం. బైలాడిలా ఇనుము వయసు రెండు వందల కోట్ల ఏళ్ళకు పైమాటే. అప్పటి సముద్రాల్లో ఇనుము కరిగి ఉండేది. సూక్ష్మజీవులు ఆక్సిజన్ వదలడం మొదలెట్టాక ఆ ఇనుము తుప్పులా మారి అడుగున పొరలు కట్టింది, మధ్యమధ్య ఇసక జాతి సిలికా పొరలు. తర్వాత కోట్ల ఏళ్ళ పాటు నీళ్ళు ఆ సిలికాను కడిగేశాయి. మిగిలిందే మీ చేతుల్లో ఉన్నది. ఇందులో ఇనుము 65 శాతం దాకా ఉంటుంది. ప్రపంచంలో ఇంత మేలు రకం ఖనిజం ఉన్న చోట్లు తక్కువ. 1930ల్లో క్రూక్‌షాంక్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ కొండలన్నీ తిరిగి పద్నాలుగు నిక్షేపాలను గుర్తించి నంబర్లు వేశాడు. ఇప్పటికీ వాటిని 'డిపాజిట్ 5', 'డిపాజిట్ 14' అనే పిలుస్తారు. ఆ కొండల కింద ఊళ్ళవాళ్ళకు మాత్రం కొండకో దేవుడు, దేవుడికో పేరు ఉన్నాయి. ఆ గొడవకు మళ్ళీ వస్తాను.

రాష్ట్రం ఉత్తరాన కథ వేరు. మనేంద్రగఢ్ దగ్గర హస్‌దేవ్ నది ఒడ్డున రాతి మీద వంగి చూస్తే సముద్రపు ఆల్చిప్పల అచ్చులు కనిపిస్తాయి. ఇప్పుడు అక్కడికి ఏ సముద్రమూ దగ్గర్లో లేదు! సుమారు 28 కోట్ల ఏళ్ళ కిందట, మంచుయుగం కరిగిపోతున్న రోజుల్లో సముద్రం లోపలికి చొచ్చుకొచ్చింది. అది వెనక్కి తగ్గాక వచ్చిన చిత్తడి అడవులే బొగ్గుగా మారాయి. మన సింగరేణిలో ఉన్నదీ ఆ గోండ్వానా కుటుంబపు బొగ్గే. కోర్బా దగ్గర గెవ్రా, కుస్ముండా గనులు ప్రపంచంలోనే అతి పెద్ద బొగ్గు గనుల వరసలో నిలుస్తాయి. వీటికి తోడు బాక్సైట్, సున్నపురాయి, దల్లీ రాజహరా ఇనుము. తగరం తవ్వే రాష్ట్రం దేశంలో ఇదొక్కటే.

ఇంత ఖనిజం ఉన్న ఈ రాష్ట్రంలో దాదాపు 41 శాతం అడవి ఉంది. చిక్కంతా ఇక్కడే. అడవి ఒక పక్కన, గని ఒక పక్కన లేవు. బొగ్గు మీద గుగ్గిలం చెట్లు, ఇనుము మీద వెదురు, వాటి నీడలో ఏనుగు, ఎలుగు, మనిషి. గనికి అనుమతి ఇవ్వడమంటే ఎవరి ఇంటి పైకప్పు తియ్యాలో తేల్చడమే.

అడవి ఎవరిదన్న తగవు అక్కడ గనుల కంటే పాతది. బ్రిటిష్ వాళ్ళు బస్తర్ అడవిలో పెద్ద భాగాన్ని రిజర్వు చేస్తామన్నారు. పోడు బంద్, ఊళ్ళు ఖాళీ, వెట్టి మాత్రం అలాగే. 1910 ఫిబ్రవరిలో కాంగేర్ అడవుల నుంచి తిరుగుబాటు లేచింది. దాన్ని భూమ్‌కాల్ అంటారు. మామిడి కొమ్మ, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణం ఊరూరా తిప్పారు. అవి అందుకున్న ఊరు కదలాలని అర్థం. నాయకుడు నేతానార్ ఊరి గుండాధూర్. తిరుగుబాటును అణచేశారు గానీ గుండాధూర్ దొరకలేదు. రిజర్వు చేయదలచిన అడవిని మాత్రం ప్రభుత్వం తర్వాత బాగా తగ్గించుకోవాల్సి వచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత మన మన్యంలో అల్లూరి వెనక జనం నడిచిందీ ఇలాంటి అటవీ చట్టాల మీద కోపంతోనే. ఇక స్వతంత్రం వచ్చాక 1966 మార్చి 25న బస్తర్ రాజవంశీకుడు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ జగదల్‌పూర్‌లో తన రాజభవనంలోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయనతో పాటు ఆదివాసీలూ చనిపోయారు.

జంతువుల గురించి చెబుతానని ఇక్కడ ఇద్దరు పిల్లలకు మాటిచ్చాను.

మొదటిది చీతా. 1947లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్ ఉత్తరాన ఉన్న కొరియా సంస్థానం రాజు రామానుజ్ ప్రతాప్ సింగ్‌దేవ్ ఒకే రాత్రి మూడు మగ చీతాలను కాల్చాడు. మన దేశంలో చీతాకు సంబంధించిన ఆఖరి గట్టి ఆధారం అదే. 1952లో అంతరించిందని ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి విమానంలో తెచ్చుకున్న చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. ఆ పాత కొరియా అడవుల్లోనే ఉంది గురు ఘాసీదాస్ పార్కు. 2024 నవంబరులో దాన్నీ, పక్కనున్న తమోర్ పింగ్లానూ కలిపి పులుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణంలో దేశంలో మూడోది. మొదటిది మన నాగార్జునసాగర్–శ్రీశైలం.

రెండోది అడవి గేదె, ఆ రాష్ట్ర జంతువు. మన నల్లమలలో ఒకప్పుడు తిరిగిన అడవిదున్న కాదు. మన దొడ్లో గేదెకు మూలమైన జాతి. ఉదంతి అభయారణ్యంలో ఒక దశలో మిగిలింది ఒకే ఒక ఆడ గేదె, పేరు ఆశ. దాని కణాలు తీసుకుని హర్యానాలోని కర్నాల్ పాడి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు క్లోనింగ్‌తో దూడను పుట్టించారు. దాన్ని రాయ్‌పూర్ జంగిల్ సఫారీలో పెట్టారు. తర్వాత అస్సాం నుంచి కొన్నిటిని తెచ్చి బార్‌నవాపారా అభయారణ్యంలో ఉంచారు. సైన్సు గొప్పదే, కాదనను. కానీ గడ్డి మైదానమూ మడుగూ కాపాడి ఉంటే లేబొరేటరీ దాకా వెళ్ళాల్సిన పనేముంది?

బస్తర్ కొండ గోరువంకది మరో రకం తమాషా. మనిషి గొంతు అచ్చం దించేస్తుంది. రాష్ట్ర పక్షి అన్నారు, జగదల్‌పూర్‌లో పెద్ద పంజరం కట్టి పిల్లలు పెట్టిద్దామన్నారు. ఏళ్ళు గడిచాయి, గుడ్డు లేదు. ఏది ఆడో ఏది మగో చూసి చెప్పడమే కుదరలేదు. చివరికి ఫలితం కనిపించింది బయట అడవిలోనే. కాంగేర్ లోయ చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళను 'మైనా మిత్ర'లుగా పెట్టి గూళ్ళున్న చెట్లకు కాపలా కాయించారు.

ఏనుగు మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. సర్గుజా, రతన్‌పూర్ ఏనుగుల గురించి అక్బరు కాలపు రాతల్లోనే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే అక్కడ అవి కనుమరుగయ్యాయి. మళ్ళీ 1980ల చివర్లో ఇప్పటి జార్ఖండ్, ఒడిశాల వైపు నుంచి మందలు వచ్చాయి. అక్కడి అడవులు గనులతో, రోడ్లతో ముక్కలైపోవడం దానికో ముఖ్య కారణం. మధ్యలో రెండు మూడు తరాల జనం ఏనుగును చూడలేదు. దానితో ఎలా మసలాలో చెప్పేవాళ్ళు లేరు, ఇప్పసారా వాసనకు ఇంటి గోడ బద్దలుకొట్టుకు వస్తుందని తెలీదు. ఉత్తరాన ఉన్న హస్‌దేవ్ అడవుల మీద భారత వన్యప్రాణి సంస్థ 2021లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది: దేశంలోని ఏనుగుల్లో మూడు శాతం కంటే తక్కువే ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాయి. ఏనుగుల వల్ల జరిగే మనుషుల మరణాల్లో మాత్రం 15 శాతానికి పైగా అక్కడే. ఇక అవి సరిహద్దు బోర్డులు చదవవు గదా. ఒడిశా నుంచి ఛత్తీస్‌గఢ్ మీదుగా మహారాష్ట్ర గడ్చిరోలికి చేరిన మందలో నుంచి ఒక ఏనుగు 2024 ఏప్రిల్‌లో నది దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చి ఇద్దరు రైతులను చంపింది. గనికీ ఆ మిరప చేనుకూ మధ్య ఎన్ని వందల కిలోమీటర్లున్నా లింకు ఉంది.

ఆ హస్‌దేవ్ అరణ్యం కింద 500 కోట్ల టన్నులకు పైగా బొగ్గుంది. సుమారు 1,700 చదరపు కిలోమీటర్ల అడవి. దాని నీళ్ళే బాంగో డ్యామ్‌కు, ఆ డ్యామ్ కింది వరి పొలాలకు వెళతాయి. మొదట అక్కడ తవ్వకూడదన్నారు, 2011లో అనుమతి ఇచ్చారు. 2013 నుంచి ఒక గని నడుస్తోంది. 2021 అక్టోబరులో ఆదివాసీలు మూడు వందల కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ వచ్చారు. 2022 జులైలో ఆ బొగ్గు బ్లాకులు రద్దు చేయాలని శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. 2023 డిసెంబరులో మళ్ళీ చెట్లు కూలాయి. పార్టీలు మారినా గొడ్డలి మారలేదు.

ఇప్పుడు బైలాడిలా గొడవ. శంఖిని నది గనుల నుంచి కొట్టుకొచ్చే సన్నపొడితో ఏళ్ళ తరబడి ఎర్రగా పారింది. పశువులు తాగే నీళ్ళు, చేలకు పెట్టే నీళ్ళు అవే. 2011 జనాభా లెక్కల్లో దంతెవాడ జిల్లా అక్షరాస్యత 42 శాతం. నలభై ఏళ్ళకు పైగా మేలు రకం ఖనిజం బయటికి పంపిన జిల్లా అది! 2015లో చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులున్న కంపెనీ రాయల్టీకి తోడు దానిలో 30 శాతం ఆ నిధికి కట్టాలి. మంచిదే, కాకపోతే చాలా ఆలస్యం. 2019 జూన్‌లో 13వ నంబరు నిక్షేపం మీద తవ్వకాలు మొదలవబోతే వేలమంది ఆదివాసీలు కిరండూల్‌లో ఎన్‌ఎండీసీ ఆఫీసు ముందు బైఠాయించారు. ఆ కొండ వాళ్ళ దేవుడు నంద్‌రాజ్‌ది. అనుమతి ఇచ్చినట్టు చూపిన గ్రామసభ అసలు జరగనే లేదని వాళ్ళ ఆరోపణ. రాష్ట్ర ప్రభుత్వం పని ఆపి విచారణకు ఆదేశించింది.

2005 తర్వాత, మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో జనాన్ని కదిలించిన సల్వాజుడుం రోజుల్లో, బస్తర్ ఊళ్ళు వదిలి గోదావరి దాటి వచ్చినవాళ్ళను మనం గొత్తికోయలంటున్నాం. భద్రాచలం, ములుగు అడవుల్లో ఇప్పటికీ గుడిసెల్లో ఉన్నారు. ఏటా మిరప కోతలకు వచ్చేవాళ్ళలోనూ ఆ జిల్లాలవాళ్ళున్నారు. ఖనిజానికి రైలుంది. వీళ్ళు మాత్రం ఆటోల్లో, ట్రాక్టర్లలో కుక్కుకుని వస్తారు.

ఇక మీకు నచ్చకపోవచ్చని తెలిసీ ఒక మాట. మన స్టీల్‌ప్లాంటుకు సొంత ఇనుప గని కావాలని ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాం. నేనూ ఆ ధర్నాల్లో కూర్చున్నాను, ఇప్పుడు పిలిచినా వస్తాను. ఆ డిమాండు న్యాయమైనదే, సొంత గని లేకే ప్లాంటు నష్టాలు పెరిగాయనడంలో నిజముంది. కానీ మన తీర్మానాల్లో ఆ గని ఎక్కడ, ఎవరి ఊరి పక్కన అన్నది ఉండదు. ఖాళీ కొండ ఏదో మన కోసం ఎదురుచూస్తున్నట్టు రాస్తాం. ఆదివాసీ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు తన మాట చెప్పే హక్కు ఇచ్చాయి. మన తీర్మానంలో 'అక్కడి గ్రామసభలు నిజంగా కూర్చుని ఒప్పుకుంటేనే' అన్న ఒక్క వాక్యం చేర్చమని యూనియన్ మిత్రులను అడుగుతున్నాను. వాళ్ళు వద్దంటే ఏంటని మీరడుగుతారు. వద్దంటే ఆ కొండ వదిలేసి ఇంకోటి చూసుకోవాలి. పద్నాలుగు నిక్షేపాల్లో తవ్వుతున్నవి ఎలాగూ ఉన్నాయి.

చూసిరావాలనుకునే వాళ్ళకు ఒక సలహా. విశాఖ నుంచి కిరండూల్ ప్యాసింజరు ఎక్కి అరకులో దిగిపోకండి, జగదల్‌పూర్ దాకా వెళ్ళండి. చిత్రకోట్ వానలు తగ్గిన కొత్తలో బాగుంటుంది. కాంగేర్ లోయలో కుటుమ్‌సర్ గుహ మాత్రం వానాకాలంలో మూసేస్తారు, కనుక్కుని వెళ్ళండి. లోపల కటిక చీకటి, చూపు మందగించిన తెల్లని చేపలు. 1950ల్లో ఆ గుహను పరిశోధించిన శంకర్ తివారీ పేరే అక్కడి ఒక కీచురాయి జాతికి పెట్టారు. టార్చి గైడు దగ్గర ఉంటుంది, చెప్పులు జారనివి వేసుకోండి.

రాయి వెనక వరుస దాకా వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి.