ఆరడం వేరు, క్యూర్ అవడం వేరు: సరీసృపాల పెట్టెకి ఏ సీలెంట్ వాడాలి?

"వార్నిష్ వేసి రెండు రోజులైంది, చేతికి అంటట్లేదు. గెకో బల్లిని లోపల వదిలేయొచ్చా?" పెంపుడు సరీసృపాలకి చెక్కతో సొంతంగా ఎన్‌క్లోజర్, అంటే పెట్టె, చేసుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. వద్దండి, దయచేసి వద్దు. అది ఆరింది, అంతే. ఇంకా క్యూర్ అవలేదు, అంటే లోపలిదాకా పూర్తిగా గట్టిపడలేదు.

స్లాబ్ సంగతి మీకు తెలుసు కదా. పోసిన మర్నాడు దాని మీద నడవొచ్చు. అలాగని సెంట్రింగ్ విప్పేస్తామా? కాంక్రీటు బలాన్ని 28 రోజులకి లెక్కగడతారు. వార్నిష్‌దీ అదే దారి. వాటర్ బేస్ పాలియురేతేన్ వార్నిష్ గంటా రెండు గంటల్లో చేతికి అంటకుండా ఆరుతుంది, పూర్తిగా గట్టిపడటానికి మాత్రం రెండు మూడు వారాలు పడుతుంది. ఆయిల్ బేస్ అయితే నెల దాకా పట్టొచ్చు, అందుకే నేను దాని జోలికి వెళ్లను. ఆ లోపు ఆవిర్లు వస్తూనే ఉంటాయి. ఘాటు అనిపిస్తే మనం కిటికీ తెరుస్తాం, బయటికి పోతాం. గెకో ఎక్కడికి పోతుంది? పైగా లోపల హీట్ ల్యాంప్ వెలుగుతుంటే ఆవిర్లు ఇంకా ఎక్కువవుతాయి.

ఇక మూలల్లో సందులు మూయడానికి సిలికాన్. ట్యూబు మీద "బూజు పట్టదు" అని ఉంటే పక్కన పెట్టేయండి, అందులో బూజుని చంపే మందు కలుపుతారు. 100 శాతం సిలికాన్, అక్వేరియంకి వాడొచ్చని రాసి ఉన్నది తీసుకోండి. వెనిగర్ వాసన వస్తే కంగారు పడొద్దు. అది క్యూర్ అయ్యేటప్పుడు వచ్చే ఎసిటిక్ యాసిడ్. కానీ ఆ వాసన ఉన్నంతసేపూ పని పూర్తి కానట్టే.

మళ్లీ స్లాబ్ దగ్గరికే వద్దాం. స్లాబ్‌కి మనం నీళ్లు పడతాం, సిలికాన్ గాలిలోని తేమని తనే తీసుకుంటుంది. అందుకే అది పైనుంచి లోపలికి, రోజుకి సుమారు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది. ఒకసారి మూలలో లావుగా పెట్టిన సిలికాన్‌ని రెండు రోజుల తర్వాత బ్లేడుతో కోసి చూశాను. పైన చక్కటి రబ్బరు, మధ్యలో టూత్‌పేస్టులా మెత్తగా ఉంది, గుప్పున వాసన. అప్పటినుంచి సన్నగానే పెడుతున్నాను.

టైమ్ తక్కువుంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ముందు వార్నిష్, తర్వాతే సిలికాన్, ఎందుకంటే సిలికాన్ మీద ఏ పూతా నిలవదు. ప్లైవుడ్ అంచులు నీళ్లు బాగా పీలుస్తాయి, అక్కడ ఇంకో రెండు కోట్లు వేయండి. తడి మట్టి పోసే పెట్టె అయితే అడుగున వార్నిష్ చాలదు, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ కావాలి. కొలత తప్పితే అది ఎప్పటికీ జిగురుగానే ఉండిపోతుంది. ఎడారి బల్లులకైతే ఈ ఎపాక్సీ హడావిడి అక్కర్లేదు.

చివరగా, అంతా క్యూర్ అయ్యాక అడుగున నీళ్లు పోసి ఒక రోజు ఉంచండి, బయట మూలల్లో టిష్యూ అద్ది చూడండి. తడి లేకపోతే ఆరబెట్టి, ల్యాంప్ వేసి, తలుపు మూసి ఇంకో రోజు వదిలేయండి. తలుపు తీయగానే ముక్కు లోపల పెట్టి వాసన చూడండి. కొంచెం ఘాటు తగిలినా ఇంకో వారం ఆగండి.