వేబ్రిడ్జి కంప్యూటర్‌లో సాకెట్ ఎందుకు సతాయిస్తది?

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ రైసుమిల్లులో ఒక వేబ్రిడ్జి కంప్యూటర్ ఉందనుకుందాం. కాంటా నుంచి తూకం చదివే ప్రోగ్రామ్ ఒకటి, బిల్లు కొట్టేది ఇంకొకటి. రెండూ అదే మెషీన్‌లో, సాకెట్ ద్వారా, అంటే ప్రోగ్రాములు కనెక్షన్ పెట్టుకునే కొస ద్వారా, పోర్ట్ 5000 మీద మాట్లాడుకుంటయి. పోర్ట్ అంటే ఆ మెషీన్‌లో ఏ ప్రోగ్రామ్‌తో మాట్లాడాలో చెప్పే నంబరు. కనెక్షన్ కోసం వింటూ కూర్చునేది సర్వర్, కనెక్షన్ తెరిచేది క్లయింట్. రాసినోళ్ల ఉబుంటు లినక్స్‌లో మంచిగ నడిచింది, మిల్లు విండోస్‌లో సతాయిస్తున్నది. మధ్యలో కేబుల్ లేదు, వైఫై లేదు. నెట్‌వర్క్ మీద నెపం నెడితే కుదరదు.

ముందు ఎర్రర్ నంబర్ చూడండి. కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే లినక్స్‌లో 111, మ్యాక్‌లో 61, విండోస్‌లో 10061. ఆ అడ్రసులో, ఆ పోర్టులో వినేటోడు లేడని దాదాపు ఎప్పుడూ అర్థం. ఏ అడ్రసు అన్నదే తిరకాసు. లోకల్‌హోస్ట్, అంటే 'ఇదే మెషీన్' అనే ఒక్క పేరుకు, కొత్తరకం ఐపీవీ6 అడ్రసూ ఉంది, పాతరకం 127.0.0.1 కూడా ఉంది. సర్వర్ రెండో దాని మీదనే కూర్చుంటే, క్లయింట్ తరచుగా ముందు మొదటి దర్వాజ కొడతది. లినక్స్‌లో 'లేదు' అని వెంటనే జవాబొస్తది. విండోస్ మాత్రం లేదన్నా వినకుండా మళ్లీ మళ్లీ అడిగి, సుమారు 2 సెకన్లు తింటది. తూకానికొక కొత్త కనెక్షన్ తెరిస్తే ప్రతి లారీకీ ఆ ఆలస్యమే. రెండువైపులా 127.0.0.1 అని అంకెల్లోనే రాయండి.

పోర్టు ఎవరి చేతిలో ఉందో విండోస్‌లో 'నెట్‌స్టాట్ హైఫన్ ఏఎన్ఓ', లినక్స్‌లో 'ఎస్ఎస్ హైఫన్ ఎల్‌టీఎన్‌పీ' అనే కమాండ్లు చెప్తయి. మ్యాక్‌లో మాంటెరీ వెర్షన్ నుంచి 5000 మీద, వేరే ఆపిల్ పరికరాల వీడియో, పాటలు అందుకునే ఎయిర్‌ప్లే రిసీవర్ ఉంటది, కాబట్టి వేరే నంబరు ఎంచుకోండి.

సర్వర్ ఆపి వెంటనే లేపితే లినక్స్‌లో 'అడ్రస్ ఇన్ యూజ్' అంటది. పాత కనెక్షన్ 60 సెకన్లు టైమ్‌వెయిట్‌లో, అంటే మూసినా ఇంకా పూర్తిగా వదలని స్థితిలో ఉంటది. దానికి మందు రీయూజ్ అడ్రస్ ఆప్షన్. అదే మందు విండోస్‌లో విషం: ఐకాన్ రెండుసార్లు నొక్కితే రెండు సర్వర్లు ఒకే పోర్టు మీద కూర్చుంటయి, కనెక్షన్ ఎటు పోతదో చెప్పలేం. అక్కడ ఎక్స్‌క్లూజివ్ అడ్రస్ యూజ్ పెట్టండి.

ఇక అందరూ పడే గుంత. ఈ కనెక్షన్ నడిపే పద్ధతి టీసీపీ; దానికి మెసేజ్ అంటే ఏందో తెల్వదు, బైట్ల ధార ఒక్కటే తెలుసు. 28460 అని పంపితే ఒక రిసీవ్‌లో, అంటే ఒకసారి చదివినప్పుడు, 284, ఇంకోదాంట్లో 60 రావచ్చు. రెండు తూకాలు అతుక్కొని కూడా రావచ్చు. ప్రతి తూకం చివర న్యూలైన్, అంటే లైను ముగిసిందనే గుర్తు పెట్టండి. అది వచ్చేదాకా బఫర్‌లో, అంటే మెమొరీలో ఒక పక్కన పోగేసి, అప్పుడే అంకెగా మార్చండి; మిగిలిన బైట్లు పారేయొద్దు. పరీక్షకు, మూడు అంకెలు పంపి 100 మిల్లీసెకన్లు ఆగి మిగతావి పంపండి. కోడ్‌లో తప్పుంటే 284 కిలోల లారీ అక్కడికక్కడే తెరమీద కనబడతది.