నూటికి ఎంత? మామిడి మండీ నుంచి అలిపిరి మెట్ల దాకా శాతాల లెక్క

(తెరపై: తోతాపురి కాయల గుట్ట, పక్కనే కాటా)

నమస్కారం. ఈ కాయలు తోతాపురి. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు ఎక్కువగా వెళ్లేది ఈ రకమే. సీజనులో పాకాల దగ్గరి దామలచెరువు మండీకి వెళ్లి ఒక గంట నిలబడితే ఏడో తరగతి శాతాల పాఠం సగం వచ్చేస్తుంది. అయితే అక్కడ ‘పది శాతం’ అనే మాట తక్కువ, ‘నూటికి పది’ అనే మాట ఎక్కువ. నాకు ఆ రెండో మాటే ఇష్టం. శాతంలో ఉన్నదీ శతమే, అంటే నూరే. కానీ ‘నూటికి’ అనగానే చేయాల్సిన పని కూడా తెలిసిపోతుంది: ఉన్న మొత్తంలో ఎన్ని నూర్లున్నాయో చూడు, ఒక్కో నూరుకు అంత తీసిపెట్టు.

(బోర్డు మీద: 84,000)

ఒక లోడు 84,000 రూపాయలకు పోయింది అనుకుందాం. ఇందులో 840 నూర్లున్నాయి. నూటికి ఒకటి చొప్పున 840. నూటికి పది అయితే 8,400. ఈ రెండూ చేతిలో ఉంటే మిగతావన్నీ వీటి పిల్లలే. ఏడు శాతం కావాలా? 840 ని ఏడుతో గుణిస్తే 5,880. పన్నెండున్నర శాతమా? పదికి 8,400, రెండున్నరకు అందులో నాలుగో వంతు 2,100, మొత్తం 10,500. కావాలంటే 84,000 ని ఎనిమిదితో భాగించి చూడండి, అదే వస్తుంది. ఎందుకంటే పన్నెండున్నర నూరులో ఎనిమిదో వంతు.

భిన్నంగా రాసి, కింద 100 వేసి, సున్నాలు కొట్టేసే పద్ధతి తప్పేమీ కాదు, పరీక్షలో అలాగే రాయండి. నా బాధంతా పిల్లలు సున్నాలు కొట్టేసే తొందరలో ఒక ప్రశ్న అడగడం మరిచిపోతారనే. ఆ ప్రశ్న: దేనిలో?

(తెరపై: కాటా చీటీ)

కాయలు తూచాక మండీలో తరుగు తీస్తారు. దెబ్బతిన్నవి, పండిపోయినవి ఉంటాయని బరువులోంచి కొంత కోసేస్తారు. ఆ తర్వాత అమ్మిన డబ్బులో కమీషను. మన లెక్కలో పది టన్నుల కాయ, తరుగు నూటికి అయిదు, కిలో 8 రూపాయలు, కమీషను నూటికి పది. ఈ అంకెలు లెక్క సులువుగా ఉండాలని నేను వేసుకున్నవి, నిజం మండీలో రేటు రోజుకొకటి.

‘అయిదూ పదీ పదిహేను, 80,000 లో పదిహేను శాతం 12,000, రైతుకు మిగిలేది 68,000.’ తరగతిలో అడిగితే మొదట వచ్చే జవాబు ఇదే. ఇప్పుడు నిదానంగా చేద్దాం. 10,000 కిలోల్లో తరుగు 500, మిగిలింది 9,500 కిలోలు. వాటి వెల 76,000. కమీషను 7,600. రైతు చేతికి 68,400.

ఆ 400 ఎక్కడిది? తరుగులో పోయిన కాయ వెల 4,000. అమ్మని సరుకు మీద కమీషను ఉండదు కదా, ఆ నాలుగు వేలలో నూటికి పది మిగిలింది. కోత మొత్తం పదిహేను శాతం కాదు, పద్నాలుగున్నర. అయిదు శాతం మొత్తం కాయలో తీసింది, పది శాతం మిగిలిన కాయ డబ్బులో తీసింది. రెండు వేర్వేరు కుప్పల శాతాలను కూడితే లెక్క తప్పుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు ‘రెండు రూపాయల వడ్డీ’ అనడం వినే ఉంటారు. అది నూటికి రెండు, కానీ నెలకు. 50,000 అప్పుకు నెలకు 1,000, ఏడాదికి 12,000, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో 12 శాతం అంటే అది మామూలుగా ఏడాదికి. కాబట్టి రెండు కన్నా పన్నెండు పెద్దదని బ్యాంకు అప్పు వద్దనుకునేవాళ్లు ‘ఎన్నాళ్లకు?’ అని కూడా అడగాలి.

(తెరపై: అలిపిరి పాదాల మండపం)

ఇక తిరుపతి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 అని చెబుతారు. తేడా 1,162. శ్రీవారి మెట్టులో ఎంత శాతం తక్కువ? అలిపిరితో పోలుస్తున్నాం కాబట్టి 1,162 ని 3,550 తో భాగించాలి: దాదాపు 33 శాతం తక్కువ. సరే, అలిపిరిలో ఎంత శాతం ఎక్కువ? ఇప్పుడు పోలిక శ్రీవారి మెట్టుతో. అదే 1,162 ని 2,388 తో భాగిస్తే దాదాపు 49 శాతం ఎక్కువ. మెట్లు మారలేదు, తేడా మారలేదు, మనం నిలబడి చూసే చోటు మారింది. (మోకాళ్ల నొప్పి మాత్రం ఏ శాతానికీ లొంగదు. గాలిగోపురం దాకా ఎక్కినవాళ్లకు తెలుసు.)

(తెరపై: చీర, దాని మీద ధర చీటీ)

వీడియో ఆపి ఇది చేయండి. గాంధీ రోడ్డులో ఒక దుకాణం. చీర మీద 20 శాతం తగ్గింపు పోను అమ్మ కట్టింది 4,800. చీటీ మీద ఉన్న ప్రకటన వెల ఎంత?

5,760 వచ్చిందా? అయితే మీరు 4,800 లో ఇరవై శాతం కలిపారు. దుకాణదారు తగ్గించింది 4,800 లో కాదు, చీటీ మీది వెలలో. ఆ వెలలో నూటికి 80 చొప్పున కట్టాం, అదే 4,800. నూటికి పది 600. వెల 6,000.