చదరపు మీటరు నేల

శ్రోతలకు నమస్కారం.

పిల్లల్ని గదిలోంచి తీసుకెళ్లి చెట్టు కింద కూర్చోబెట్టి, అదే పాఠాన్ని అదే తీరులో వల్లె వేయిస్తే అది ప్రకృతితో చదువు కాదు. గాలి మారింది, అంతే. 1901లో శాంతినికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్, 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి బడులు తెరిచింది అందుకు కాదు. పిల్లలు తమ కళ్లతో చూసి, తమ చేతులతో చేసి, తమ వేగంతో నేర్చుకోవాలని. మరి మామూలు బడిలో అది ఎక్కడ మొదలుపెట్టాలి? చదరపు మీటరు నేలతో మొదలుపెట్టవచ్చు.

జట్టుకి నలుగురు పిల్లలు. నాలుగు మేకులు, నాలుగున్నర మీటర్ల పురికొస. మీటరు భుజంతో చతురస్రం కట్టమనండి. నాలుగు వైపులా సరిగ్గా మీటరే వస్తుంది, కానీ గడి మాత్రం పక్కకి ఒరిగి ఉంటుంది! ఎందుకలా? చెప్పేయకండి, కాసేపు ఆగండి. ఎవరికీ తట్టకపోతే మూల నుంచి మూలకి కొలవమనండి. రెండు కర్ణాలూ సమానమై, ఒక్కోటి సుమారు 141 సెంటీమీటర్లు వచ్చేదాకా మేకులు జరుపుతారు. కర్ణం ఎందుకు పనికొస్తుందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఊడ్చి శుభ్రంగా ఉన్న నేల వద్దు, అక్కడ చూడటానికేమీ ఉండదు. గోడవార గానీ, చెట్టు మొదట్లో గానీ, సగం ఎండ, సగం నీడ పడే చోటు చూసుకోండి. ముళ్లు, గాజుపెంకులు ఉన్నాయేమో ముందు మీరు చూసి రండి. మొదటి పది నిమిషాలు పుస్తకం వద్దు, పెన్సిల్ వద్దు. చూడటమే.

తర్వాత లెక్క. పాతిక సెంటీమీటర్లకో దారం అటూ ఇటూ కడితే 16 చిన్న గళ్లు. నాలుగింటిలో మొక్కలు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేస్తే మొత్తం అంచనా వస్తుంది. అదే చతురస్రాన్ని రెండు జట్లకిచ్చి చూడండి, రెండు జవాబులొస్తాయి. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఒకరు ఎండవైపు గళ్లు తీసుకున్నారు, ఒకరు నీడవైపువి. మొక్కలు అంతటా ఒకేలా మొలవవు కదా! మరి ఏ గళ్లు ఎంచుకోవాలి? ఆ వాదన పిల్లలనే తేల్చుకోనివ్వండి. చీటీలు వేద్దామని ఎవరో ఒకరు అంటే అంతకన్నా కావలసిందేముంది!

రాయి ఎత్తాలంటే చేత్తో కాదు, కర్రతో. అవతలి అంచు పైకి లేవాలి, మనవైపు అంచు నేలకే ఆని ఉండాలి. కింద ఏమున్నా అవతలికి పోతుంది. చూశాక రాయిని ఎలా ఉందో అలాగే పెట్టించండి. చెమ్మ ఆరిపోతే కిందున్న పురుగులు బతకవు.

ఇక ఎక్కువగా పాడయ్యేది ఎక్కడంటే, పేరు దగ్గర. "ఇదేం మొక్క టీచర్?" అనగానే పేరు చెప్పేస్తాం. పేరు రాసుకున్నాక పిల్లలు మళ్లీ దానివైపు చూడరు. పేరు అవసరమే, కాదనను. కానీ చివర్లో. ముందు మీరే అడగండి: ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా? కాడ గుండ్రమా, పలకలా?

ఒక్క రోజుతో ఆపేస్తే అది విహారమే. అదే చోటు, వారం వారం, అదే వేళకి. రెండో వారం "పోయినవారం చూశాం కదా" అంటారు. అనే తీరతారు. అందుకే మొదటి రోజే ఒక మొక్కకి వదులుగా రంగుదారం కట్టించి, ఎత్తు కొలిచి రాయించండి. నాలుగు వారాల కొలతలుంటే గ్రాఫు గీయవచ్చు.

బొమ్మలు ఎర్రసిరాతో దిద్దకండి. చీమకి ఎనిమిది కాళ్లు గీసిన పాపకి భూతద్దం ఇచ్చి మళ్లీ గడి దగ్గరికి పంపండి. పాత బొమ్మ చెరిపించవద్దు. దాని పక్కనే, తేదీ వేసి, కొత్తది గీయమనండి.