బిల్ మన్రో బాణీలు గడప దాటితే

సభలోని పెద్దలకు నమస్కారం. మాండలిన్ పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని ముందు వరసల్లో కూర్చున్న పిల్లలకు కూడా. నేను చెప్పబోయేదంతా ఎక్కువగా మీకోసమే.

అమెరికాలో బ్లూగ్రాస్ అనే సంగీతానికి ఆ పేరు బిల్ మన్రో బృందం నుంచి వచ్చింది. ఆయన 1911లో కెంటకీ రాష్ట్రంలోని రోజీన్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. బృందం పేరు బ్లూగ్రాస్ బాయ్స్. మాండలిన్, ఫిడేలు, బాంజో, గిటారు, బేస్ తప్ప డ్రమ్స్ ఉండవు. ‘రాహైడ్’, ‘రోనోక్’, ‘వీల్ హాస్’, ‘బిగ్ మోన్’, ‘జెరూసలేం రిడ్జ్’ లాంటి ఆయన బాణీలు ఈనాటికీ ప్రతి బ్లూగ్రాస్ మాండలిన్ విద్యార్థికీ పాఠాలే. వాటిని జాజ్‌లోకో, జమైకా వాళ్ళ రెగేలోకో, మన కర్ణాటక సంగీతంలోకో తీసుకెళ్ళొచ్చా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. తీసుకెళ్ళొచ్చు. తీసుకెళ్ళాలి కూడా. అయితే ఆ పని కుడిచేతితో మొదలుపెట్టాలి.

తీసుకెళ్ళొచ్చని అంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ సంగీతమే అలా పుట్టింది. మన్రో మేనమామ పెన్ వాండివర్ ఊళ్ళో డ్యాన్సులకు ఫిడేలు వాయించేవాడు. మన్రో బాణీల వరసలు అక్కడి నుంచి వచ్చాయి. అదే ప్రాంతంలో ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి కళాకారుడు గిటారూ ఫిడేలూ వాయించేవాడు. కుర్రవాడైన మన్రో ఆయన పక్కన కూర్చుని డ్యాన్సులకు గిటారు వాయించాడు. నల్లజాతివాళ్ళ బ్లూస్ పాటల పలుకు ఆయన దగ్గర పట్టుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. ‘బ్లూగ్రాస్ స్టాంప్’ వినండి, అది పన్నెండు బార్ల (మన ఆవర్తనాల లాంటివి) బ్లూస్.

మన్రో చేతిలోని వాయిద్యం సంగతీ అంతే. అది గిబ్సన్ కంపెనీ ఎఫ్-5 మాండలిన్. లోపలి చీటీ మీద దాన్ని రూపొందించిన లాయిడ్ లోర్ 1923 జులై 9న సంతకం చేశాడు. లోర్ దాన్ని తీర్చిదిద్దింది కచేరీ హాళ్ళలో వాయించే మాండలిన్ ఆర్కెస్ట్రాల కోసం. ఆ మోజు తగ్గిపోయింది. 1940ల్లో ఫ్లోరిడాలో ఒక క్షౌరశాలలో అమ్మకానికి కనబడితే మన్రో 150 డాలర్లకు కొన్నాడు. ఒక సంగీతం కోసం తయారైన వాయిద్యం మరో సంగీతానికి గొంతయింది. అలాంటి వాయిద్యం మీద పుట్టిన బాణీలకు ఎల్లలు గీసే హక్కు ఎవరికుంది?

ఇంకో సంఘటన చెబుతాను. నాకు ఇదే అన్నిటికంటే బలమైన సాక్ష్యం. ‘బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ’ని మన్రో 1946లో రికార్డు చేసినప్పుడు అది మూడు దెబ్బల వాల్ట్జ్. మన లెక్కలో తిశ్ర నడక. 1954 జులైలో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో పందొమ్మిదేళ్ళ ఎల్విస్ ప్రెస్లీ దాన్ని నాలుగు దెబ్బల్లోకి మార్చి, దూకుడుగా పాడాడు. అదే అతని మొదటి రికార్డుకు రెండో వైపు. మన్రో ఏం చేశాడు? అదే ఏడాది సెప్టెంబరులో ఆ పాటను మళ్ళీ రికార్డు చేశాడు. మొదట తన వాల్ట్జ్ పాడి, ఆ వెంటనే నాలుగు దెబ్బల్లోకి దూకాడు. పాత నడకను వదులుకోలేదు, కొత్త నడకను కాదనలేదు. కర్తే అలా ఒప్పుకున్నాక మనం సందేహించనక్కర్లేదు.

ఇప్పుడు కుడిచేతి దగ్గరికి వద్దాం. బ్లూగ్రాస్‌లో మాండలిన్‌కు రెండు పనులు. బాణీ వాయించడం ఒకటి. మిగతా సమయమంతా ‘చాప్’ కొట్టడం రెండోది. నాలుగు దెబ్బల్లో రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద కార్డు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి, ‘చక్’మని పడాలి. చూడండి, ఎడమచేతి వేళ్ళు కార్డు పట్టుకునే ఉన్నాయి. ప్లెక్ట్రమ్, అంటే తీగలు మీటే బిళ్ళ, తగిలిన మరుక్షణం ఆ వేళ్ళు కొంచెం వదులవుతాయి, తీగ మీంచి మాత్రం లేవవు. అంతే, మోత ఆగిపోయి దెబ్బ ఒక్కటే మిగులుతుంది. బృందంలో డ్రమ్ములు లేని లోటు తీర్చేది అదే.

నడక ఈ దెబ్బలోనే ఉంది గనుక దీన్ని మారిస్తే సంగీతమే మారిపోతుంది. రెగేలో గిటారు పొట్టిగా తెగ్గొట్టే కార్డు కూడా దాదాపు ఇక్కడే పడుతుంది. అందుకే మాండలిన్ కళాకారుడు శామ్ బుష్ తన న్యూ గ్రాస్ రివైవల్ బృందంతో రెగే వైపు వెళ్ళినప్పుడు అతికించినట్టు అనిపించదు. చేయి అప్పటికే అక్కడుంది, వేగం తగ్గించి బేస్‌కు చోటిస్తే చాలు. మరో మాండలిన్ కళాకారుడు డేవిడ్ గ్రిస్మన్ 1977లో తన క్వింటెట్ (ఐదుగురి బృందం) రికార్డు తెచ్చినప్పుడు బాంజోనే తీసేశాడు, పాట లేదు, రెండు మాండలిన్లు పెట్టాడు. బాంజో మోత పోయేసరికి జాజ్ కార్డులకు గాలి ఆడింది. బ్రెజిల్‌లో షోరో అనే సంగీతంలోని మాండలిన్, బాందోలిమ్‌కు శ్రుతి మన మాండలిన్‌లాగే ‘జీ’, ‘డీ’, ‘ఏ’, ‘ఈ’. ‘రోనోక్’ను దాని మీదికి వేలు మార్చకుండా దింపొచ్చు. పాందెయిరో అనే కంజీర లాంటి వాయిద్యం మీద పడే ఒరవడికి మాత్రం ప్లెక్ట్రమ్ కొత్తగా అలవాటు పడాలి.

చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. కుడిచేతిని అలాగే ఉంచి, వెనక తబలానో సింథసైజరో చేర్చి ‘ఫ్యూజన్’ అంటారు. అది నాకు నచ్చదు. బాణీ ఒకవైపు పోతుంది, తాళం ఇంకోవైపు పోతుంది, రెండూ ఒకదాన్నొకటి వినవు.

మనకు ఆసక్తి ఉన్న చోటికి వస్తాను. మాండలిన్ మీద కర్ణాటకం పలకదని పెద్దలు అంటున్న రోజుల్లో పాలకొల్లు కుర్రవాడు ఉప్పలపు శ్రీనివాస్ దాన్ని పలికించాడు. అకౌస్టిక్ మాండలిన్‌కు రెండు ఇబ్బందులు. స్వరం వెంటనే చచ్చిపోతుంది కాబట్టి నిలబెట్టడానికి ట్రెమొలో కొట్టాలి, అంటే అదే తీగను గబగబా మీటుతూ ఉండాలి. తీగలు జంటలు కాబట్టి గమకానికి లాగడం కష్టం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఒక్క మీటుకు స్వరం నిలిచింది, వేలు జారింది, గమకం పలికింది.

ఆ వాయిద్యం మీద ‘జెరూసలేం రిడ్జ్’ పెట్టి చూడండి. నాలుగు భాగాల బాణీ, ‘ఏ’ మైనర్‌లో నడుస్తుంది, నడుమ ‘ఈ’ మేజర్ కార్డు పడుతుంది. ‘ఏ’ స్వరం మన షడ్జమైతే, ఆ కార్డులోని ‘జీ షార్ప్’ కాకలి నిషాదం, అంటే షడ్జానికి ఆనుకుని కింద ఉండే పై నిషాదం. కార్డులు తీసేసి తంబురా ఒక్కటే పెట్టారనుకోండి, ఆ బరువంతా బాణీ మోయాలి. అప్పుడు ఆ నిషాదాన్ని తోసుకుపోకూడదు, షడ్జం దాకా తీసుకెళ్ళి వదలాలి. అప్పుడు కీరవాణి రాగం నీడ దానంతటదే పడుతుంది. అలాగని స్వరస్వరానికీ గమకం వేసి ఊపకండి. ఆ బాణీ పరుగు సూటి స్వరాల్లో ఉంది. భాగం చివర ఆగే స్వరం మీద మాత్రం గమకం వేయండి. మొదట చౌకకాలంలో ఒక భాగం, తర్వాత అసలు వేగంలో నాలుగూ.

అది బరువనిపిస్తే ‘బిగ్ మోన్’తో మొదలుపెట్టండి. ‘ఏ’ నుంచి ‘జీ’కి దిగే కార్డు వల్ల నిషాదం కైశికి (కింది నిషాదం) అవుతుంది. హరికాంభోజి రాగం తెలిసినవాళ్ళకు వేళ్ళు తడుముకోవు. అయితే ముందు మన్రో వాయించినది వాయించినట్టు, చాప్‌తో సహా, నేర్చుకున్నాకే మార్చండి. మూలం చేతికి రాకుండా మార్చినది నిలవదు, ఈ విషయంలో నేను పట్టు వదలను.

ఇప్పుడు అదే బాణీని మూడు రకాలుగా వాయిస్తాను. మొదట కెంటకీ పద్ధతి, తర్వాత రెగే, చివర ఆదితాళంలో. మృదంగం తమ్ముడూ, మొదటి రెండింటికీ నువ్వు ఆగు, మూడోదానికి రెండు ఆవర్తనాలు ముందు నువ్వే ఎత్తుకో.