క్వెస్ట్ 3తో సీపీఆర్ ట్రైనింగ్: తేడా అంతా చేతుల దగ్గరే

నమస్తే ఫ్రెండ్స్. ఈ మెటా క్వెస్ట్ 3 అనే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ రివ్యూ కోసం ఉచితంగా వచ్చిన యూనిట్. స్పెక్స్ మీరు ఈపాటికి చూసేసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను. నర్సింగ్, ఎంబీబీఎస్ పిల్లలకి సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స, నేర్పడానికి పనికొస్తుందా? నాకు కావాల్సింది అదొక్కటే.

పెద్దవాళ్లకైతే ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, నొక్కిన ప్రతిసారీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఇప్పుడు హెడ్‌సెట్‌తో వచ్చే చేతి కంట్రోలర్లు పట్టుకుని గాల్లో నొక్కండి. స్పీడు లెక్క కరెక్టుగానే వస్తుంది, కానీ చేతికి ఎదురు తగిలేదేమీ లేదు. మోచేతులు వంగిపోతాయి, ఒంటి బరువు చేతుల్లోకి దిగదు. ఆ అలవాటే పడితే రేపు అసలు మనిషి దగ్గర కష్టం.

సరే, కంట్రోలర్లు పక్కనపెట్టి హ్యాండ్ ట్రాకింగ్ ఆన్ చేద్దాం, అంటే హెడ్‌సెట్ కెమెరాలే మన చేతుల్ని గమనిస్తాయి. నాకు చిరాకు తెప్పించేది ఇదే! ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి వేసి వేళ్లు పెనవేస్తాం కదా, కెమెరాలు చూసేది పైనుంచి. కింది చెయ్యి వాటికి కనపడదు. దాంతో అది పక్కకి ఎగిరిపోతుంది, లేదా మాయమైపోతుంది. అందుకే లోతు కొలిచే పని హెడ్‌సెట్‌కి అప్పగించొద్దు. సెన్సర్ ఉన్న మానికిన్‌ని (సీపీఆర్ నేర్చుకునే బొమ్మని) నేల మీద పెట్టండి. పాస్‌త్రూలో (హెడ్‌సెట్ కెమెరాల ద్వారా బయటి గది కనపడే మోడ్‌లో) చూస్తూ వర్చువల్ పేషెంట్ ఛాతీని దాని ఛాతీ మీద సరిగ్గా కూర్చోబెట్టండి. కాస్త పక్కకి జరిగినా చెయ్యి పక్కటెముకల మీద పడుతుంది.

ఇంకోటి, వంగి నొక్కుతుంటే ఈ 515 గ్రాములూ ముక్కు మీదికి జారతాయి. వెనక బ్యాటరీ ఉండే గట్టి పట్టీ వేస్తే బరువు సర్దుకుంటుంది. రెండు లెన్సుల మధ్య దూరం ఎవరి కళ్లకి తగ్గట్టు వాళ్లు మార్చుకోవాలి కదా, క్వెస్ట్ 2లో దానికి మూడే మెట్లు, ఇందులో చక్రం తిప్పుకోవచ్చు. ముప్పై మంది మార్చుకునే క్లాసులో ఇది పెద్ద ఊరట. లెన్సులకి మాత్రం శానిటైజర్ తగలనివ్వకండి, పొడి మైక్రోఫైబర్ గుడ్డే వాడండి.

వీఆర్ వల్ల లాభం లేదనడం లేదు. 2002లో ప్రచురించిన యేల్ యూనివర్సిటీ ప్రయోగంలో 16 మంది రెసిడెంట్లు (సర్జరీలో శిక్షణ పొందుతున్న డాక్టర్లు) ఉన్నారు. వీఆర్‌లో సాధన చేసినవాళ్లు ఆపరేషన్‌లో గాల్‌బ్లాడర్‌ని (పిత్తాశయాన్ని) 29 శాతం వేగంగా విడదీశారు, తప్పులూ బాగా తగ్గాయి. కానీ అక్కడ వాడింది హెడ్‌సెట్ కాదు. ఎదురుగా మామూలు మానిటర్, చేతిలో ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) పరికరాల పిడులు. పైగా ఇన్ని గంటలని లెక్క పెట్టుకోలేదు, నిపుణుల స్థాయి అందుకునేదాకా చేయించారు. మీ ల్యాబ్‌లోనూ ఆ పద్ధతే పెట్టండి.

పేషెంట్ పలుకుతున్నాడా చూడటం, సాయానికి పిలవడం, ఏఈడీ (గుండెకి కరెంటు షాక్ ఇచ్చే యంత్రం) తెప్పించడం... ఈ వరస నేర్పడంలో క్వెస్ట్ 3 నాకు బాగా నచ్చింది. మానికిన్ ఉంటే కొనండి. లేకపోతే ముందు మానికిన్ కొనండి.